పైథాన్ ప్యాకేజీలో డేటా ఫైళ్లు: ఎవరికి ఏ దారి సరిపోతుంది

డాట్ పై ఫైళ్ల (పైథాన్ కోడ్ ఫైళ్ల) విషయంలో, కోడ్‌ని ప్యాకేజీగా కట్టే ఏ బిల్డ్ టూల్‌తోనూ పెద్దగా పేచీ ఉండదు. అదే వెతుక్కుని వీల్‌లో, అంటే ఇన్‌స్టాల్‌కి సిద్ధమైన ప్యాకేజీ ఫైల్‌లో, పెట్టేస్తుంది. పేచీ అంతా వాటి పక్కన ఉండే జేసన్, సీఎస్‌వీ, టెంప్లేట్, ఫాంట్, మోడల్ ఫైళ్లతోనే. వీటి సంగతి సెటప్‌టూల్స్‌లో ఒక రకం, హ్యాచ్‌లింగ్‌లో ఇంకో రకం, పొయెట్రీలో వెర్షన్‌ని బట్టి మరో రకం. అందుకే అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న కుర్రాడి నుంచి మాదాపూర్‌లో పదేళ్ల అనుభవమున్న టీమ్ లీడ్ దాకా చాలామంది నెట్‌లో దొరికిన మూడు సలహాల్నీ ఒకే ప్రాజెక్టులో కలిపి పెట్టేస్తుంటారు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేసిందో మాత్రం ఎవరికీ తెలియదు.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. హైదరాబాద్ మెట్రోలో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి దారి చెప్పే చిన్న లైబ్రరీ రాస్తున్నారు. మియాపూర్–ఎల్బీ నగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్ మూడు లైన్లు. మారడానికి అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్. ఈ లైబ్రరీలో స్టేషన్ల పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్న జేసన్ ఫైల్ ఒకటి, దారిని పేజీగా చూపించే హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్ ఒకటి, జనం తప్పుగా టైప్ చేసిన పేర్లను గుర్తుపట్టే 300 ఎంబీ మోడల్ ఒకటి ఉన్నాయనుకోండి. మూడింటికీ ఒకే సమాధానం ఉండదు.

## టూల్ కన్నా ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది సైజు. పైథాన్ ప్యాకేజీలు పంచుకునే సైట్ పైపీఐలో ఒక్కో ఫైల్‌కి మామూలు పరిమితి 100 ఎంబీ, ప్రాజెక్టు మొత్తానికి 10 జీబీ. అడిగితే పెంచుతారు గానీ, మీ లైబ్రరీ కావాలనుకున్న ప్రతివాడూ, సీఐలో (కోడ్‌ని దానంతట అదే బిల్డ్ చేసి పరీక్షించే సర్వర్‌లో) నడిచే ప్రతి బిల్డూ ఆ బరువు మోయాలి.

రెండోది, ఆ ఫైల్‌ని చదివేది ఎవరు? మీ కోడే చదివితే దాని చోటు ప్యాకేజీ ఫోల్డర్ లోపల. మ్యాన్ పేజీ (లినక్స్ కమాండ్ల సహాయ పేజీ), జూపిటర్ నోట్‌బుక్ ఎక్స్‌టెన్షన్ లాంటివైతే వేరే ప్రోగ్రామ్ ఒక నిర్ణీత చోట వెతుక్కుంటుంది. అది వేరే కథ.

మూడోది చాలామంది అడగని ప్రశ్న: ఆ ఫైల్ గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) ఉందా, లేక బిల్డ్ టైమ్‌లో తయారవుతుందా? కంపైల్ చేసిన అనువాదాల ఫైళ్లు, ట్రెయిన్ చేసిన మోడళ్లు మామూలుగా గిట్‌ఇగ్నోర్‌లో, అంటే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో, ఉంటాయి. కింద చెప్పే టూల్స్‌లో సగం గిట్‌ఇగ్నోర్‌ని చూసే నిర్ణయం తీసుకుంటాయి.

ఇవి కాక, డేటా ఎంత తరచుగా మారుతుంది, ఇన్‌స్టాల్ చేసే సర్వర్‌కి బయటి నెట్ ఉంటుందా అన్నవి పెద్ద ఫైళ్ల దగ్గర పనికొస్తాయి.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. తయారయ్యేవి రెండు: సోర్స్ ఉండే ఎస్‌డిస్ట్, ఇన్‌స్టాల్‌కి సిద్ధంగా ఉండే వీల్. ‘బిల్డ్’ టూల్‌ని ఏ ఆప్షన్లూ ఇవ్వకుండా నడిపితే ముందు ఎస్‌డిస్ట్ చేసి, దాన్ని విప్పి, అందులోంచి వీల్ చేస్తుంది. యూవీ అనే టూల్‌లోని బిల్డ్ కమాండ్ కూడా అంతే. కాబట్టి ఎస్‌డిస్ట్‌లోకి ఎక్కనిది వీల్‌లోకీ ఎక్కదు. అదే మీరు ఫోల్డర్‌లో నిలబడి నేరుగా పిప్ ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌డిస్ట్ మెట్టు ఉండదు. ‘నా దగ్గర వచ్చింది, సీఐలో రాలేదు’ అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

## అసలు ఫైలే అక్కర్లేదేమో

స్టేషన్ల జాబితా ఎంతుంటుంది? అరవై లోపే పేర్లు. దాన్ని జేసన్‌గా కాకుండా ఒక డాట్ పై ఫైల్‌లో డిక్షనరీగా రాసేస్తే ఏ బిల్డ్ టూల్ అయినా తీసుకెళ్తుంది, సెట్టింగులు సున్నా, చదివే కోడ్ కూడా సున్నా. ఇది తక్కువ పని అనుకుని చిన్నచూపు చూస్తారు గానీ, చిన్న జాబితాలకు ఇంతకన్నా టెన్షన్ లేని దారి లేదు. రెండు సందర్భాల్లో మాత్రం వద్దు: ఆ ఫైల్‌ని పైథాన్ రాని వాళ్లు ఎడిట్ చేయాల్సి వస్తే, లేదా వేరే భాషలో రాసిన యాప్ కూడా అదే ఫైల్‌ని వాడుకుంటే.

## సెటప్‌టూల్స్: పేరుపేరునా పిలవాలి

పెళ్లి పిలుపుల్లో పేరుపేరునా పిలిచే పద్ధతి ఒకటి, ‘ఇంటిల్లిపాదీ రండి’ అనే పద్ధతి ఒకటి ఉంటాయి కదా. సెటప్‌టూల్స్‌ది మొదటిది. డేటా ఫైల్ ఏదైనా మీరు పిలిస్తేనే వస్తుంది. పిలవడానికి మాత్రం ఒకటి కాదు, మూడు దారులున్నాయి. తికమక అక్కడే.

ప్యాకేజ్-డేటా. ఏ ప్యాకేజీలో ఏ నమూనాకి సరిపోయే ఫైళ్లు కావాలో, ప్రాజెక్టు సెట్టింగులుండే పైప్రాజెక్ట్ టామల్ ఫైల్‌లో రాస్తారు. ‘మెట్రో ప్యాకేజీలో డేటా ఫోల్డర్ కింద ఉన్న జేసన్‌లన్నీ’ అన్నట్టు. అవి ఎస్‌డిస్ట్‌లోకీ వెళ్తాయి, వీల్‌లోకీ వెళ్తాయి. గిట్ ఉందా లేదా అన్న పట్టింపు లేదు, తయారైన ఫైళ్లకీ పనిచేస్తుంది. ఒక చిన్న మెలిక: నక్షత్రం గుర్తు పెట్టినా, చుక్కతో మొదలయ్యే ఫైళ్లు వాటంతట అవి రావు, వాటికి విడిగా రాయాలి. ప్యాకేజీ ఫోల్డర్ బయట ఉన్నవాటిని ఇది తీసుకోదు. తీసుకోకపోవడమే మంచిది కూడా.

ఇన్‌క్లూడ్-ప్యాకేజ్-డేటా, దానికి తోడు మ్యానిఫెస్ట్ ఫైల్. పేరు చూసి అందరూ పడే గోతి ఇదే. ‘ట్రూ’ అని పెడితే ప్యాకేజీలో ఉన్న డేటా అంతా వచ్చేస్తుందనుకుంటారు. రాదు. మ్యానిఫెస్ట్ డాట్ ఇన్ ఫైల్‌లో రాసినవాటిలో, లేదా గిట్ ప్లగిన్ (కింద చెప్పే సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం లాంటిది) చూపించినవాటిలో, ప్యాకేజీ ఫోల్డర్ లోపల ఉన్నవి మాత్రమే వీల్‌కి వెళ్తాయి. ఈ రెండూ లేకపోతే ‘ట్రూ’ ఉన్నా ఒరిగేదేమీ లేదు. పైగా ఈ సెట్టింగ్ పాత సెటప్ డాట్ పై పద్ధతిలో డిఫాల్ట్‌గా ‘ఫాల్స్’, పైప్రాజెక్ట్ టామల్ పద్ధతిలో డిఫాల్ట్‌గా ‘ట్రూ’. 2022లో వచ్చిన 61వ వెర్షన్ నుంచి సెటప్‌టూల్స్ టామల్ ఫైల్‌లోని సెట్టింగులు చదవడం మొదలుపెట్టింది. అంతకుముందు రాసిన సలహాలు, తర్వాత రాసిన సలహాలు పక్కపక్కన కనిపించి ఒకదానికొకటి అడ్డంగా ఉండటానికి కారణం ఇదే.

ఇంకోవైపు, మ్యానిఫెస్ట్‌లో రాసి ఇన్‌క్లూడ్ సెట్టింగ్ ‘ఫాల్స్’గా వదిలేస్తే ఫైల్ ఎస్‌డిస్ట్‌లో కనిపిస్తుంది, వీల్‌లో మాయమవుతుంది. ఎస్‌డిస్ట్ విప్పి చూసుకుని ‘ఉందిగా’ అని ధైర్యంగా అప్‌లోడ్ చేసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం. వెర్షన్ నంబర్‌ని గిట్ ట్యాగ్ నుంచి తీసుకోవడానికి దీన్ని పెట్టుకుంటారు. అది చేసే రెండో పని చాలామంది గమనించరు: గిట్ ట్రాక్ చేస్తున్న ఫైళ్లన్నిటినీ ఎస్‌డిస్ట్‌లోకి పంపుతుంది. ఇన్‌క్లూడ్ సెట్టింగ్ కూడా ‘ట్రూ’ అయితే ప్యాకేజీ లోపలివి వీల్‌లోకీ వస్తాయి. సౌకర్యమే, కాదనను. కానీ డాకర్‌లోకి గిట్ ఫోల్డర్ కాపీ చేయకుండా బిల్డ్ చేస్తే వెర్షన్ దొరక్క అక్కడే ఆగిపోతుంది. గిట్‌లో లేని తయారైన ఫైళ్లకి మళ్లీ ప్యాకేజ్-డేటానే దిక్కు.

నా సలహా సూటిగా చెప్పాలంటే, సెటప్‌టూల్స్‌లోనే ఉండాలనుకునేవాళ్లు ప్యాకేజ్-డేటా ఒక్కటే వాడండి. మ్యానిఫెస్ట్‌ని టెస్టులు, డాక్యుమెంట్ల లాంటి ఎస్‌డిస్ట్‌కి మాత్రమే కావాల్సిన వాటికి వదిలేయండి. ఆర్నెల్ల తర్వాత కొత్తగా చేరిన వ్యక్తి టామల్ ఫైల్ ఒక్కటి చూసి వీల్‌లో ఏముందో చెప్పగలగాలి.

నాలుగో పేరు కూడా వినిపిస్తుంది: ‘డేటా-ఫైల్స్’. పేరు చూసి ఇదే అసలైనదని దూకేస్తారు. ఇది ఫైళ్లను ప్యాకేజీలో కాకుండా పైథాన్ ఎన్విరాన్‌మెంట్ మూల ఫోల్డర్ కింద పెడుతుంది. మీ కోడ్ అక్కడ వెతకడం కష్టం, సెటప్‌టూల్స్ డాక్యుమెంటేషన్ కూడా ప్రోత్సహించదు. పైన చెప్పిన మ్యాన్ పేజీ, జూపిటర్ రకం అవసరాలకే దీన్ని ఉంచుకోండి.

## హ్యాచ్‌లింగ్: ఇంటిల్లిపాదీ

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ప్యాకేజీ ఫోల్డర్‌లో గిట్‌ఇగ్నోర్ వద్దనని ప్రతిదీ వీల్‌లోకి వెళ్తుంది. ప్రాజెక్టు మొత్తంలో గిట్‌ఇగ్నోర్ వద్దననిదంతా ఎస్‌డిస్ట్‌లోకి వెళ్తుంది. మన జేసన్, టెంప్లేట్ ఒక్క లైన్ రాయకుండా చేరిపోతాయి. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లకి ఈ సుఖం చిన్నది కాదు.

ధర రెండు చోట్ల కట్టాలి. తయారైన ఫైల్ గిట్‌ఇగ్నోర్‌లో ఉంటే రాదు, ‘ఆర్టిఫాక్ట్స్’ అనే సెట్టింగ్‌లో దాని పేరు రాయాలి. ఇది తెలియక గిట్‌ఇగ్నోర్ నుంచే ఆ లైన్ తీసేసి, మోడల్ ఫైల్‌ని రిపోలోకి కమిట్ చేసేసే టీములుంటాయి. ఆ తర్వాత క్లోన్ చేసే ప్రతివాడూ తిట్టుకుంటాడు.

రెండోది భద్రత. హ్యాచ్‌లింగ్ చూసేది ‘గిట్ ట్రాక్ చేస్తోందా’ అని కాదు, ‘గిట్‌ఇగ్నోర్‌లో ఉందా’ అని. ఈ తేడా ముఖ్యం. ఇగ్నోర్‌లో పెట్టడం మర్చిపోయి ప్రాజెక్టు ఫోల్డర్‌లో వదిలేసిన పాస్‌వర్డుల ఫైల్, కస్టమర్ డేటా ఉన్న సీఎస్‌వీ, మీరు కమిట్ చేయకపోయినా ఎస్‌డిస్ట్‌లోకి ఎక్కేస్తాయి. సెటప్‌టూల్స్‌లో మర్చిపోతే ప్యాకేజీ పనిచేయదు, అంతే. ఇక్కడ మర్చిపోతే గుట్టు బయటపడుతుంది. పైపీఐలో ఫైల్ తీసేసినా అదే పేరుతో మళ్లీ ఎక్కించడం కుదరదు, ఈలోగా ఎవరు దించుకున్నారో చెప్పలేం. శుభ్రంగా క్లోన్ చేసిన ఫోల్డర్ నుంచి, అంటే సీఐ నుంచి మాత్రమే రిలీజ్ చేసే అలవాటుంటే ఈ భయం చాలావరకు పోతుంది.

## ఫ్లిట్, యూవీ, పొయెట్రీ

ఫ్లిట్ చిన్నది, ప్యాకేజీ ఫోల్డర్‌లో ఉన్నదంతా వీల్‌లో పెడుతుంది. యూవీ సొంత బిల్డ్ బ్యాకెండ్ (ప్యాకేజీని నిజంగా కట్టే భాగం) కూడా ఇంచుమించు అదే తీరు: మాడ్యూల్ ఫోల్డర్ కింద ఉన్నది వీల్‌లోకి వస్తుంది, వద్దనుకున్నవి మినహాయింపుగా రాయాలి. 2025 నుంచి యూవీతో కొత్త ప్యాకేజీ మొదలుపెడితే డిఫాల్ట్‌గా వచ్చేది ఇదే కాబట్టి, చాలామంది తెలియకుండానే దీని మీద ఉన్నారు. ఈ రెండింటిలోనూ సీ కోడ్ కంపైల్ చేయడం కుదరదు. కేవలం పైథాన్ కోడ్, కాసిని డేటా ఫైళ్లు ఉన్నవాళ్లకి మాత్రం బాగా సరిపోతాయి.

పొయెట్రీ కూడా ప్యాకేజీ ఫోల్డర్ మొత్తాన్ని తీసుకుని గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నవాటిని వదిలేస్తుంది. వదిలేసినవి కావాలంటే ‘ఇన్‌క్లూడ్’లో రాయాలి. 2025 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్‌లో ఇక్కడే ఒక మార్పు జరిగింది. అంతకుముందు ఇన్‌క్లూడ్ అంటే ఎస్‌డిస్ట్, వీల్ రెండింటికీ. ఇప్పుడు ఫార్మాట్ చెప్పకపోతే ఎస్‌డిస్ట్‌కి మాత్రమే. పాత ప్రాజెక్టుని కొత్త పొయెట్రీతో బిల్డ్ చేస్తే తయారైన ఫైళ్లు వీల్ నుంచి చప్పుడు చేయకుండా జారిపోతాయి. అప్‌గ్రేడ్ చేసే వారమే టామల్ ఫైల్ తెరిచి ప్రతి ఇన్‌క్లూడ్ లైన్‌కీ ఫార్మాట్ రాసేయండి.

మార్పుకి కారణం ఉందనుకోండి. ప్యాకేజీ బయట ఉన్న టెస్ట్స్ ఫోల్డర్‌ని ఇన్‌క్లూడ్‌లో రాస్తే అది వాడేవాళ్ల సైట్-ప్యాకేజెస్‌లో (లైబ్రరీలు ఇన్‌స్టాలయ్యే ఫోల్డర్‌లో) ‘టెస్ట్స్’ అనే పేరుతోనే దిగేది, వేరే లైబ్రరీ దింపిన ‘టెస్ట్స్’తో కొట్టుకునేది.

| ఏది | డేటా ఫైల్ వీల్‌లోకి ఎలా వస్తుంది | గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నది కావాలంటే | మర్చిపోతే జరిగేది |
|---|---|---|---|
| సెటప్‌టూల్స్, ప్యాకేజ్-డేటా | నమూనా రాస్తేనే | అదే నమూనా చాలు | ఫైల్ కనపడదు |
| సెటప్‌టూల్స్, మ్యానిఫెస్ట్ | మ్యానిఫెస్ట్‌లో రాసి, ఇన్‌క్లూడ్ ట్రూ అయితే | మ్యానిఫెస్ట్‌లో రాయాలి | ఎస్‌డిస్ట్‌లో ఉండి వీల్‌లో లేకపోవచ్చు |
| సెటప్‌టూల్స్-ఎస్‌సీఎం | గిట్ ట్రాక్ చేస్తే, ఇన్‌క్లూడ్ ట్రూ అయితే | ప్యాకేజ్-డేటా కావాలి | కమిట్ చేయని ఫైల్ రాదు |
| హ్యాచ్‌లింగ్ | దానంతట అదే | ఆర్టిఫాక్ట్స్ | అక్కర్లేనిది కూడా వెళ్తుంది |
| ఫ్లిట్, యూవీ | దానంతట అదే | ఫోల్డర్‌లో ఉండాలి, యూవీలో బిల్డ్ చేసి చూడాలి | అక్కర్లేనిది కూడా వెళ్తుంది |
| పొయెట్రీ | దానంతట అదే | ఇన్‌క్లూడ్, ఫార్మాట్ వీల్ అని రాసి | 2.0 తర్వాత వీల్‌లో రాదు |

సీ, ఫోర్‌ట్రాన్ కోడ్ ఉన్నవాళ్లు మీసన్-పైథాన్, సైకిట్-బిల్డ్-కోర్ వైపు వెళ్తారు. వాళ్ల ప్రాథమ్యాలు వేరు, డేటా ఫైళ్లు అక్కడ చివరి చింత.

## ఆ 300 ఎంబీ మోడల్ సంగతి

ఇది ప్యాకేజీలో పెట్టేది కాదు. ఉన్న దారులు రెండు, రెండింటికీ పెద్ద ప్రాజెక్టుల్లో నమూనాలున్నాయి.

డేటాకి వేరే ప్యాకేజీ. టైమ్‌జోన్ వివరాలు మాత్రమే ఉన్న ‘టీజెడ్‌డేటా’ ఇలాంటిదే. టైమ్‌జోన్లు మారినప్పుడు అదొక్కటే కొత్త వెర్షన్ వస్తుంది, దాన్ని వాడే కోడ్ కదలదు. స్పేసీ అనే భాషా విశ్లేషణ లైబ్రరీ కూడా తన భాషా మోడళ్లను వేరే ప్యాకేజీలుగానే ఇస్తుంది. డేటా, కోడ్ వేర్వేరు వేగాల్లో మారుతుంటే ఇది చక్కటి దారి. పిప్ ఒక్కటే చాలు, కంపెనీ లోపలి ఇండెక్స్‌లో కూడా పెట్టుకోవచ్చు. రెండు రిలీజులు చూసుకోవాలి, ఏ కోడ్ వెర్షన్‌కి ఏ డేటా వెర్షన్ అన్నది మీరే కాపాడుకోవాలి.

రెండోది, మొదటిసారి వాడినప్పుడు దించుకోవడం. మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌ని చూడండి: ఐరిస్ లాంటి చిన్న డేటాసెట్లు ప్యాకేజీలోనే వస్తాయి, కాలిఫోర్నియా ఇళ్ల ధరల లాంటివి అడిగినప్పుడు దిగుతాయి. ఒకే లైబ్రరీలో సైజుని బట్టి రెండు పద్ధతులు. ఎన్ఎల్‌టీకే అనే భాషా లైబ్రరీ డేటా కూడా విడిగానే దించుకోవాలి. మీరే రాసుకోవాలంటే పూచ్ అనే లైబ్రరీ దించుతుంది, హ్యాష్ సరిచూస్తుంది, దాచిపెడుతుంది. చిక్కల్లా ప్రాక్సీ వెనకుండే ఆఫీసులతో, నెట్ లేని ప్రొడక్షన్ సర్వర్లతో. గచ్చిబౌలి ఆఫీసుల్లో బ్యాంకు క్లయింట్లకి పనిచేసే టీములని అడగండి, ‘మొదటిసారి రన్ చేసినప్పుడు డౌన్‌లోడ్ అవుతుంది’ అంటే వాళ్ల ముఖం చూడాలి. ఫైల్ ఉన్న ఫోల్డర్ దారిని బయటి నుంచి ఇచ్చే వీలు తప్పకుండా పెట్టండి.

## చదవడం, సరిచూడటం

ఫైల్ వీల్‌లోకి ఎక్కాక దాన్ని కోడ్ నుంచి తెరవడానికి పైథాన్‌తోనే వచ్చే ఇంపోర్ట్‌లిబ్ రిసోర్సెస్‌లోని ‘ఫైల్స్’ వాడండి. పైథాన్ 3.9 నుంచి ఉంది. పాత పీకేజీ-రిసోర్సెస్‌ని కొత్త కోడ్‌లో వాడొద్దు. ఫైల్ నిజంగా డిస్క్ మీద ఉండాలని పట్టుబట్టే లైబ్రరీకి ఇవ్వాలంటే ‘యాజ్-ఫైల్’ ఉంది. డాట్ పై ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని పట్టుకుని దారి కట్టుకునే పాత పద్ధతి మామూలు ఇన్‌స్టాల్‌లో పనిచేస్తుంది, జిప్‌లోంచి నడిపితే పనిచేయదు.

తెలుగు డేటా ఉన్నవాళ్లకి ఒక ప్రత్యేక హెచ్చరిక. టెక్స్ట్ చదివేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసి తీరాలి. రాయకపోతే విండోస్‌లో మామూలుగా 1252 కోడ్ పేజీతో చదవబోతుంది. మన పొల్లు గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మూడోది 8డీ. ఆ కోడ్ పేజీలో 8డీకి అక్షరమే లేదు. అంటే ‘మియాపూర్’ చివర పొల్లు దగ్గరకొచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది, ఒత్తులున్న పేర్లన్నిటికీ ఇదే గతి. లినక్స్, మ్యాక్ మీద పనిచేసేవాళ్లకి ఇది కనిపించదు. చూసేవాళ్లకి ప్యాకేజింగ్ తప్పులాగే అనిపిస్తుంది, నిజానికి ఫైల్ చేరింది, చదవడమే రాలేదు. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8ని డిఫాల్ట్ చేయాలని నిర్ణయమైంది, కానీ పాత వెర్షన్లు ఎన్నేళ్లుంటాయో మనకి తెలిసిందే.

ఏ టూల్ ఎంచుకున్నా ఎడిటబుల్ ఇన్‌స్టాల్‌లో పరీక్షించి సరే అనుకోవద్దు. అందులో ఫైళ్లు మీ సోర్స్ ఫోల్డర్ నుంచే చదవబడతాయి కాబట్టి అన్నీ ఉన్నట్టే ఉంటుంది. వీల్ అంటే జిప్పే, పైథాన్‌తో వచ్చే జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో లోపలేముందో చూడండి. కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో ఆ వీల్‌ని ఇన్‌స్టాల్ చేసి, ప్రాజెక్టు ఫోల్డర్ బయటికొచ్చి నడపండి. పైపీఐకి ఎక్కించే టూల్ ట్వైన్‌లోని చెక్ పాసయిందని ధీమా పడొద్దు, అది చూసేది పైపీఐ పేజీలో వివరణ సరిగ్గా కనిపిస్తుందా అని. ఎస్‌డిస్ట్‌ని గిట్‌తో పోల్చడానికి చెక్-మ్యానిఫెస్ట్ ఉంది. సెటప్‌టూల్స్ వాళ్లు తీసేసిన ఫైల్ మళ్లీ ప్రత్యక్షమైతే పాత బిల్డ్, ఎగ్-ఇన్ఫో ఫోల్డర్లు తుడిచేసి మళ్లీ చేయండి.

## మీరెవరు?

మొదటి ప్యాకేజీ రాస్తున్న విద్యార్థి. హ్యాచ్‌లింగ్ లేదా యూవీ, ‘ఎస్‌ఆర్‌సీ’ ఫోల్డర్ అమరికతో. డేటాని ప్యాకేజీ లోపల పెట్టండి, అంతకుమించి ఏమీ చేయకండి. ముందు టెస్ట్‌పైపీఐకి ఎక్కించి చూసుకోండి. మీ లక్ష్యం స్నేహితులకి పంపే ఈఎక్స్ఈ అయితే ఈ చర్చ సగం వర్తించదు. పైఇన్‌స్టాలర్‌కి ఆ డేటా సంగతి దాని ఆప్షన్లతో మళ్లీ విడిగా చెప్పాలి.

పాత సెటప్‌టూల్స్ ప్రాజెక్టుని భుజాన వేసుకున్న ఉద్యోగి. మార్చకండి. బ్యాకెండ్ మార్చడం వల్ల వచ్చే లాభం కన్నా, ఎవరో ఎప్పుడో మ్యానిఫెస్ట్‌లో రాసిన ఫైల్ కొత్త వీల్‌లో తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. ఇప్పటి వీల్‌లోని ఫైళ్ల జాబితా తీసి పెట్టుకుని, ప్యాకేజ్-డేటాకి మార్చి, కొత్త జాబితాతో పోల్చండి. మేనేజర్ తప్పదంటే బ్యాకెండ్ మార్చేటప్పుడూ ఆ జాబితాలే కాపాడతాయి.

క్లయింట్ డేటాతో పనిచేసే టీమ్. పేరుపేరునా పిలిచే పద్ధతే మీది. సెటప్‌టూల్స్ ప్యాకేజ్-డేటా, లేదా హ్యాచ్‌లింగ్‌లోనే ఏవి వెళ్లాలో స్పష్టంగా రాసిన జాబితా. నాలుగు లైన్లు ఎక్కువ రాయాల్సి రావడమే ఇక్కడ రక్షణ.

తెలుగు మోడళ్లు, కార్పస్‌లు విడుదల చేసే పరిశోధకులు. కోడ్ ఒక చిన్న ప్యాకేజీ, డేటా బయట. పరీక్షకి సరిపడా వంద వాక్యాల నమూనా మాత్రం ప్యాకేజీలోనే పెట్టండి. నెట్ లేని చోట కూడా ఎవరైనా ఇన్‌స్టాల్ చేసి ఒకసారి నడిపి చూడగలుగుతారు.

టైప్ హింట్లు రాసే లైబ్రరీ వాళ్లకి ఒక్క మాట: ‘పై డాట్ టైప్డ్’ అనే గుర్తు ఫైల్ కూడా డేటా ఫైలే. సెటప్‌టూల్స్ పాత వెర్షన్లతో బిల్డ్ చేస్తుంటే దాన్నీ ప్యాకేజ్-డేటాలో రాయండి. అది వీల్‌లో లేకపోతే మీ టైపులన్నీ వాడేవాళ్ల మైపైకి (టైపులు సరిచూసే టూల్‌కి) లేనట్టే.